నల్లతెర వదిలేసిన చుక్క

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో నాకు పంజాగుట్టలో, ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో తెలిసింది. ఐటీ మంచి జోరు మీదున్న రోజులవి. కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ, పొద్దున్నే యునిక్స్ క్లాసుకు వెళ్లి, పదింటికల్లా ఆ దుకాణం పక్క మెట్లెక్కి డేటా ఎంట్రీకి కూర్చునేదాన్ని.

విదేశంలో ఒక ఆస్పత్రి తన రోగుల వివరాలను పాత కంప్యూటర్లోంచి కొత్తదానికి మార్చుకుంటోంది. పాత ప్రోగ్రాంలోంచి అక్షరాలు బయటికి రావట. అందుకని ఒక్కో తెరనూ ఫొటోలా పట్టి మాకు పంపేవాళ్లు. మేం చూసి ఫారంలో టైపు చేయాలి. ఒక్కో తెరనూ ఇద్దరు విడివిడిగా కొట్టేవాళ్లు. నా తెరను ఇంకెవరు కొడుతున్నారో నాకు తెలియదు, వాళ్లకూ తెలియదు. ఇద్దరిదీ కలిస్తే కంప్యూటరే నేరుగా పంపేసేది. తేడా వస్తేనే మా సూపర్‌వైజరు సారు కూర్చుని చూసేవారు.

"ఇద్దరు మనుషులు ఒకే కాడ ఒకే తప్పు చెయ్యరమ్మా" అనేవారాయన. మా ఆఫీసు మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచేది.

క్లాసులో ఒకతను నాకో సీడీ ఇచ్చాడు. అందులో చిన్న ప్రోగ్రాం. బటన్లూ బొమ్మలూ ఏమీ ఉండవు. నల్లతెర మీద ఒక్క లైను కొట్టి, ఫొటో ఫైలు పేరిచ్చి ఎంటర్ నొక్కితే చాలు, ఫొటోలోని అక్షరాలు వరసగా వచ్చి పడతాయి. వాటిని ఫారంలో అతికించుకోవడమే. మహా తెలివైనదాన్ని కదా, మర్నాడే ఆఫీసు కంప్యూటర్లో పెట్టేశాను.

పక్క సీట్లో బోరబండ నుంచి వచ్చే అక్క ఉండేది. నాకన్నా పదేళ్లు పెద్ద.

"ఏం మంత్రమేస్తున్నవ్ చెల్లే? నాకు సుత జర చెప్పరాదు" అంది.

వేళ్ల నొప్పులతో సాయంత్రానికి ఆమె టీ గ్లాసు కూడా సరిగ్గా పట్టుకోలేకపోయేది. జాలేసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని ఆమె కంప్యూటర్లోనూ పెట్టాను. పది రోజుల్లో తేడాలు మస్తు తగ్గినయని సారు సంబరపడి, కింద నుంచి జిలేబీ తెప్పించారు. సిగ్గు లేకుండా తిన్నాం కూడా.

ఒక మధ్యాహ్నం ఒక తెర మసగ్గా వచ్చింది. నల్లతెర ఏదో చెత్త కక్కింది. సరేలే అని కళ్లతో చూసి కొట్టసాగాను. డెబ్భై ఒక్కేళ్ల ఆవిడ. గుండె మందు, 0.25, రోజుకొకసారి. అదే రికార్డు నంబరుతో పదకొండు రోజుల కిందట నేనే చేసిన తెర ఒకటి జాబితాలో కనిపించింది. ఊరికే తెరిచాను. మందు అదే. మోతాదు మాత్రం 25 అని ఉంది.

దాని అసలు ఫొటో తీసి చూశాను. అందులో 0.25 అనే ఉంది. ఆ చుక్క ప్రోగ్రాం కంటికి ఆనలేదు. అది 025 అని ఇస్తే, ముందున్న సున్నాను మా ఫారం దానంతటదే తీసేసింది. వంద రెట్ల మందు. రెండో మనిషి సరిగ్గానే కొట్టి ఉంటుంది, తేడా వచ్చి ఉంటుంది, సారు దిద్ది ఉంటారు అనుకుంటూ పక్క గడి చూశాను. రెండూ కలిశాయనీ, ఆ రోజే వెళ్లిపోయిందనీ ఉంది.

అంటే రెండో మనిషి కూడా సరిగ్గా అక్కడే చుక్క వదిలేసింది. మెల్లగా తల తిప్పి అక్క వైపు చూశాను. ఆమె ముందు నల్లతెర ఉంది.

మెట్ల మీదికి తీసుకెళ్లి చెప్పాను.

"సప్పుడు చెయ్యకు. చెప్తే ఇద్దరి కొలువులు పోతయ్" అంది.

అబద్ధమెందుకు, ఆ మాట నాకు హాయిగా అనిపించింది. తేలు కుట్టిన దొంగల్లా పోయి సీట్లలో కూర్చోవచ్చు. కానీ అక్క కదల్లేదు.

"మా అమ్మకు సుత గుండె మందే నడుస్తుంది. నేనిస్తే ఏందని చూడకుండ మింగుతది. పా, చెప్దాం."

సారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మేం చేసినవన్నీ ముగ్గురం కలిసి ఫొటోలతో పోల్చి చూస్తే, అలా చుక్క పోయినవి నలభై ఒకటి తేలాయి. ఆ సాయంత్రమే ఆస్పత్రికి మెయిల్ పెట్టారు. ఆఫీసు ఫోను మోగినప్పుడల్లా పని ఆపి సారు వైపు చూసేదాన్ని. ఆ డెబ్భై ఒక్కేళ్లావిడ ఎవరో, ఎలా ఉంటుందో తెలియదు, అయినా ఒక ముసలి చెయ్యి నీళ్ల గ్లాసు అందుకోవడం కళ్లు మూస్తే కనిపించేది.

మూడో రోజు జవాబు వచ్చింది. నలభై మందివి సరిదిద్దామని రాశారు. డెబ్భై ఒక్కేళ్లావిడ నంబరు ఎదురుగా మాత్రం, రికార్డు మూసేశాం అని ఉంది.

"వేరే దవాఖానకు పోయి ఉండొచ్చమ్మా. అట్ల సుత మూసేస్తరు" అన్నారు సారు, నా ముఖం చూడకుండా.

మూసిన తేదీ కూడా అందులోనే ఉంది. అది మా తప్పు వెళ్లిన రోజుకు ముందో, తర్వాతో చూస్తే తెలిసిపోతుంది. ప్రింటు తీసిన కాగితం బల్ల మీదే, నా చేతికందే దూరంలో ఉంది. నేను చూడలేదు.

ఆ రోజే ఇద్దరికీ కొలువులు పోయాయి. బస్టాపులో అక్క నా పక్కకొచ్చి నిలబడింది.

"తేదీ చూసినవా చెల్లే?" అంది.

"లేదక్కా."

"నేను చూసిన."

బోరబండ బస్సు వచ్చింది. ఆమె తేదీ చెప్పకుండానే ఎక్కేసింది. నేనూ అడగలేదు.