ఇంకో రెండొందల చుట్లు

మా బావ బతుకంతా జుట్టుకన్నా సన్నటి రాగితీగతోనే గడిచింది. ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద పికప్ అని ఒక ముక్క ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ ఆ రాగితీగని ఏడెనిమిది వేల చుట్లు చుడితే అది తయారవుతుంది. చుట్లు పెంచితే శబ్దం బలంగా, బొద్దుగా వస్తుంది. తగ్గిస్తే బలం తగ్గి పదునెక్కుతుంది. ఎక్కడ ఆపాలన్నదే విద్య. దానికి చెవి తప్ప వేరే కొలత లేదనేవాడు బావ. కొంచెం తీగ విప్పడం, కొసని సోల్డర్‌తో అతికించడం, వాయించి వినడం, తల అడ్డంగా ఊపి "ఇంకో రెండొందలు" అనడం. విప్పిన తీగ మెలికలు పడి ఎందుకూ పనికిరాదు, కత్తిరించి చెత్తబుట్టలో పడేయాల్సిందే. పక్క బల్ల దగ్గర నేను ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ణి. మా అక్కని చేసుకున్న పాపానికి నన్ను కూడా మోయాల్సి వచ్చిందని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు.

రెండేళ్ల కిందట ఒకరోజు నా మీటరు కుయ్యిమంటోంది. తీగ ఎక్కడా తెగలేదని అది చెప్పే తీరు అదే. బావ తొంగిచూసి, "బ్యాటరీ మార్చరా పిసినారీ, కూతే రావట్లేదు" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. సన్నటి శబ్దాలు ఆయన చెవికి ఎక్కడం మానేశాయి! ఆ నెలలో ఆయన చేతి మీదుగా వెళ్లిన గిటార్లు ఎందుకు కీచుమన్నాయో అప్పుడు తెలిసింది. తనకి పదును వినబడేదాకా విప్పుకుంటూ పోతున్నాడు మరి.

అక్కతో చెప్పాను. ఆరేస్తున్న బట్టలు అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"ఆయనతో అనకురా. చెవి పోయిందని తెలిస్తే ఆ మనిషి ఇంక లేవడు. నువ్వే ఏదో ఒకటి సర్దు."

సర్దాను. బావ భోజనానికి వెళ్లగానే గిటార్ ప్లేటు విప్పి, గోరంత కెపాసిటర్ ఒకటి లోపల అతికించేవాణ్ణి. అది ఆ కీచుదనాన్ని కొంత మింగేస్తుంది. వాయించేవాళ్లు "అన్నా, మీ చేతిలో మహిమ ఉంది" అని పొగిడి వెళ్లేవారు. బావ మీసం దువ్వుకునేవాడు. పెద్ద ఘనకార్యం చేశానని నేనూ అక్కా మురిసిపోయేవాళ్లం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

కిందటేడు ఒక పెద్దావిడ వచ్చింది. గిటార్ ఆమె భర్తది. ఆయన పోయి ఆరు నెలలైంది. రోజూ సాయంత్రం కాసేపు ఆయన వాయించినవే తను వాయించుకుంటుందట.

"శబ్దం కాస్త మసగ్గా ఉంటోంది. అది పోతే చాలు. మిగతాదంతా ఆయన వాయించినట్టే ఉండాలి" అంది.

బావ రెండొందల చుట్లు విప్పాడు. మసక పోయింది, అచ్చం ఆమె అడిగినట్టే ఉంది. నేను విన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకో రెండొందలు." నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. అలా పన్నెండొందలు పోయాయి. ఎప్పటిలాగే గుట్టుగా నా కెపాసిటర్ పెట్టాను గానీ, పోయిన బలాన్ని అదెక్కడ తెస్తుంది?

మర్నాడు ఆమె వచ్చి నాలుగు స్వరాలు వాయించి ఆపేసింది.

"మూసిన తలుపు అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది బాబూ. ఇది ఆయనది కాదు."

"అలా ఎందుకుంటుందమ్మా" అంటూ బావ ఆమె ముందే ప్లేటు విప్పాడు. తను పెట్టని ముక్క కనబడింది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఇదెవరు పెట్టార్రా?"

"నేనే బావా."

"దీనికొక్కదానికేనా?"

"ఏడాది నుంచి... అన్నిటికీ."

మూర్ఖుడేం కాదు, ఎందుకో విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. స్టూలు మీద కూలబడిపోయాడు.

ఆమెకి ఇదేమీ అర్థం కాలేదు. "తీసిన తీగ మళ్లీ చుట్టేయండి, పాతదే నాకు బాగుంది" అంది.

"అది పనికిరాదమ్మా, ముక్కలు చేసేశాను. కొత్త తీగ చుట్టొచ్చు. కానీ అది మీ ఆయన వాయించింది అవదు. అయిందో లేదో వినడానికి నాకు చెవులూ లేవు."

ఆమెకి గిటార్‌ని సంచిలో పెట్టుకుని జిప్పు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తిట్టినా బాగుండేది. ఆమె వెళ్లాక బావ నా వైపు తిరిగాడు. కేకలేస్తాడని కాచుకుని ఉన్నాను.

"మొదటిదానికే చెప్పుంటే, ఏడ్చి ఊరుకునేవాణ్ణి కదరా. ఈవిడది ముట్టుకునేవాణ్ణి కాదు."

ఆయన మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ఆయన అన్న ఆ మాట మాత్రం నేను అక్కకి ఇంతవరకూ చెప్పలేదు.