తమ్మరాజుపల్లె ఘాట్‌లో పెరిగిన మూడు కిలోమీటర్లు

నా రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారుకు పదమూడేళ్లుగా ఒక పుస్తకం రాస్తూ వచ్చాను. తేదీ, మీటరు అంకె, పోసిన పెట్రోలు, లీటరుకు వచ్చిన కిలోమీటర్లు: మొత్తం నాలుగు గళ్లు. పెట్రోలు పోయించేటప్పుడు ట్యాంకు మూతి దాకా నిండిందని తేలేవరకు బండిని రెండు చేతులతో ఊపుతాను. కర్నూలులో నేను వాడే బంకువాళ్లు నన్ను చూడగానే “ఊపుడు సారు వచ్చినాడప్పా” అనుకోవడం విన్నాను. ఊపకుండా నింపిన ట్యాంకు నిండినట్టు కాదు. ఆ లెక్కను నేను నమ్మను.

ఆ కారు అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఈ మార్చిలో తేల్చవలసి వచ్చింది. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. ఆ కారు సీటు నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. ఆమె అందులో కూర్చోగలదు, కానీ ఎవరైనా చేయి అందిస్తే తప్ప పైకి లేవలేదు. ఇంటికి ఉన్నది ఒకటే షెడ్డు, కనుక రెండు కార్ల మాట లేదు. డోన్‌లో ఒకాయన కొంటానని ముందుకొచ్చి, ఆదివారం సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు.

“నువ్వు ఏది చేసినా అంకెలు చూసే కదా చేసేది. చూసే చెప్పు,” అన్నది ఆమె.

శుక్రవారం ఆమె తమ్ముడు మమ్మల్ని కడపకు తీసుకుపోవడానికి తన కొత్త కరెంటు కారులో వచ్చాడు. శనివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బయలుదేరాము. నడిపింది నేను.

స్పోర్ట్స్ కారు విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. రంగు కాదు, శబ్దం అసలే కాదు. నిలుచున్న బండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందన్నదే కొలత. ఈ మాట మీద ఎందరితోనో వాదించి గెలిచాను. నా కారుకు తొమ్మిది సెకన్లు. ఓర్వకల్లు దాటాక రోడ్డు ఖాళీగా కనబడితే కారు ఆపి, స్టాప్‌వాచ్ బావమరిది చేతిలో పెట్టాను. ఏడున్నర.

“తప్పు నొక్కినావురా.”

మళ్లీ చూశాము. ఏడున్నరే. పెళ్లికి నలుగురిని ఎక్కించుకుపోయే డబ్బాలాంటి బండి అది.

“బావా, నీ కారు అరుస్తాది. నాది పోతాది,” అన్నాడు వాడు.

“మెల్లగా పోండప్పా, వెనక మనిషి ఉండాది,” అన్నది నా భార్య.

తమ్మరాజుపల్లె ఘాట్ మొదట్లో, బండి ఇంకా రెండువందల పద్దెనిమిది కిలోమీటర్లు పోగలదని తెర మీద చూపింది. ఘాట్ దిగి పాణ్యం వైపు తిరిగేసరికి ఆ అంకె రెండువందల ఇరవై ఒకటి అయింది. బండిని పక్కకు తీసి ఆపాను.

“మీటరు చెడిపోయినట్టుండాది.”

“చెడిపోలేదు బావా. దిగుడు కదా, వేగం తగ్గించినప్పుడల్లా కరెంటు మళ్లీ బ్యాటరీలోకి పోతాది.”

“నడిచిన బండిలో పెరిగేదేందిరా?”

“పెరిగింది కదా, నీ కండ్ల ముందరే!”

అలవాటుగా వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాలుగు గళ్లలో ఆ మూడు కిలోమీటర్లకు చోటు లేదు. వదిలేద్దామంటే, కళ్లారా చూసిన అంకె. చివరికి తల ఎత్తి చూస్తే నా భార్య వెనక సీటులో నిద్రపోతోంది. నా కారులో, పదమూడేళ్లలో, ఆమె ఒక్కసారి కూడా కన్ను మూసిన గుర్తు నాకు లేదు. దీనికీ గడి లేదు.

మరునాడు ఉదయం కడపలో వాళ్లింటి ముందు ఛార్జింగు నూరు శాతం చూపింది. నాకు తెలియకుండానే రెండు చేతులు బండి మీద వేసి ఊపడం మొదలుపెట్టాను.

“కరెంటు గట్టిగా కుదురుకోవాలనా బావా?” అంటూ బావమరిది మెట్ల మీదే కూలబడి నవ్వాడు.

ఆ బండిలోనే మధ్యాహ్నానికి కర్నూలు చేరాము. మోకాళ్లు చూసినా, సెకన్లు చూసినా, నా లెక్క ప్రకారం ఎర్ర కారును ఉంచుకోవడానికి ఒక్క కారణమూ మిగలలేదు. అయినా ఫోను చేతిలో పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను. లెక్క సరిగ్గా తేలిన తరువాత సందేహం ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాలేదు.

నాలుగున్నరకు డోన్ ఆయనకు ఫోను చేసి, అమ్ముతున్నానని చెప్పి, పుస్తకంలోని మైలేజీ అంకెలు మొదటి పేజీ నుంచి చదవబోయాను.

“అవన్నీ నాకెందుకు సార్? ఒక్కసారి స్టార్ట్ చేసి వినిపించు, చాలు.”

షెడ్డులోకి పోయి, ఇంజన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ దగ్గర ఫోను పట్టుకుని వంగి నిలబడ్డాను.

“ఏమయ్యా, ఫోనుకు పొగ పెడ్తాండావా?” అన్నది నా భార్య కిటికీలోంచి.

“ఇంకోసారి సార్,” అన్నాడాయన.

ఆరు గంటల అయిదు నిమిషాలకు వచ్చి, ఏడుకు పది నిమిషాలు ఉందనగా కారు తీసుకుపోయాడు. బండి వీధి మలుపు తిరిగి కనిపించకుండా పోయిన తరువాత కూడా దాని శబ్దం వినబడుతూనే ఉంది. పద్నాలుగు సెకన్లు. ఏ గడిలో రాయాలో తెలియక, ఆ మూడు కిలోమీటర్లతో కలిపి మార్జినులో రాసి పెట్టాను.