గాలి అందని బండి

ముందే చెప్పేస్తున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. కొంచెం అనడం కూడా తగ్గించి చెప్పడమే. నాకు జ్వరమొచ్చిందంటే మా ఆవిడ థర్మామీటరు చూస్తే గానీ నమ్మదు. మీరూ ఇందులో సగం తీసేసి చదువుకోండి.

మణుగూరులో మేముండే వీధిలో నా డీజిల్ కారంత ముసలి ప్రాణి ఇంకొకటి లేదు. ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చి, డీజిల్ కంటే ఆయిలే ఎక్కువ తాగేది. చివరికి వీధి మలుపులో షెడ్డున్న మెకానిక్ ఇంజనే మార్చేశాడు. అదే రకం కారు ఒకటి చెట్టుకు గుద్దుకుని తుక్కుకు పోతే, దాని గుండె తెచ్చి దీనికి పెట్టాడన్నమాట. అతను నాకంటే పదేళ్లు చిన్నవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. ఇంజన్ బిగించిన రోజు కారు అశ్వాపురం దాకా లేగదూడలా ఉరికింది.

మర్నాడు పొద్దున నా తెలివి నిద్రలేచింది. మా రోడ్డు మీద బొగ్గు లారీలు తిరిగితే ఆరేసిన తెల్ల బట్టలు కూడా రంగు మారతాయి. కొత్త గుండెకు ఆ దుమ్ము తగలకూడదని, హెడ్‌లైటు వెనక ఇంజన్ గాలి పీల్చే గొట్టం మూతికి మా ఆవిడ పాత చీర ముక్క రెండు మడతలేసి కట్టాను. కట్టి, హాయిగా మరిచిపోయాను.

రెండు జల్లులు పడ్డాయి. వారం తిరిగేసరికి కారుకు లాగుడు పోయింది. యాక్సిలరేటరు నేలకు తొక్కితే నల్లటి పొగే తప్ప వేగం లేదు. భద్రాచలం వెళుతుంటే ఎత్తు మీద ఒకాయన రెండు గ్యాస్ బండలున్న సైకిల్ మీద నన్ను దాటి, వెనక్కి తిరిగి, “ఏంది సారూ, తోయాల్నా?” అన్నాడు.

మెకానిక్ చెవి పెట్టి విన్నాడు. “దీనికి గాలి అందుతలేదన్నా. ముక్కు మూసినట్టు గుంజుతుంది.”

ఫిల్టరు డబ్బా విప్పాడు. ఫిల్టరు తెల్లగా మెరిసిపోతోంది. అతను బిత్తరపోయి చూస్తుంటే నేనూరుకుంటానా?

“గాలి అందకపోతే దవాఖానల పండబెట్టి ఆక్సిజన్ పెట్టు తమ్మీ!”

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అతను నవ్వలేదు. ఇంజన్ మళ్లీ దించి మూడు రోజులు ఒక్కొక్క భాగమే విప్పి చూశాడు. ఏమీ దొరకలేదు. “నా చెవే ఖరాబైందేమో అన్నా,” అన్నాడు.

నేను ఆ ముచ్చటను టీ బండికి మోసుకుపోయాను. “ఇంజనని ఇసురాయి బిగించిండు,” అన్నాను. పగలబడి నవ్వారు. మర్నాడు ఇంకాస్త పెంచాను. అది దుమ్ముగూడెం చేరేసరికి అతను నా కారుకు ట్రాక్టరు ఇంజన్ తగిలించాడట! నా కథ అంత దూరం నడిచిందని మురిసిపోయాను. కథ వెళ్లిన దారిలోనే అతని షెడ్డుకు రావలసిన కార్లు కూడా వేరే షెడ్లకు వెళ్లిపోయాయని తర్వాత తెలిసింది.

నెల తర్వాత హెడ్‌లైటు బల్బు మారుస్తుంటే చేతికి చీర ముక్క తగిలింది. తడిసి, బొగ్గు పట్టి, ఎండి, తారు అప్పడంలా ఉంది. పీకేశాను. కారు మళ్లీ ఉరికింది.

నేరుగా షెడ్డుకు వెళ్లి అందరి ముందూ ఆ గుడ్డ చూపించి తప్పు ఒప్పుకున్నాను. “చెప్తి గదనే అన్నా!” అని అతను నా వీపు మీద చరిచాడు. ఇద్దరం టీ తాగాం.

సైకిలాయన నిజం. చీర ముక్క నిజం. ఇసురాయి మాట నాదే. నేను కల్పించింది ఆ టీ ఒక్కటే, దానికి ముందున్న ఒప్పుకోలూ.

షెడ్డుకు వెళ్లిన మాట మాత్రం నిజం. అతను ఎవరిదో స్కూటీకి ఆయిల్ మారుస్తున్నాడు. కార్లు పట్టడం మానేశాడట. నా కారు చప్పుడు విని తలెత్తాడు.

“బండి మంచిగ గుంజుతుందే అన్నా. ఎవరు జేసిన్రు?”

“ఖమ్మంల చూపిచ్చిన.”

“ఏం దొరికిందట?”

గుడ్డ వెనక సీటు కింద ఉంది.

“నాకు చెప్పలే తమ్మీ,” అన్నాను.