యుబ్లినా నోటి కొలత

సోయె కొండల్లో తొలి వానలు పడి గడ్డి మొలిచిందంటే యుబ్లినా ఇంటి ముందుకు మేకలు రావడం మొదలవుతుంది. ఎండాకాలమంతా ఎండుటాకులు నమిలిన మేకలు ఆ లేతగడ్డి మీద ఆబగా పడతాయి. గడ్డితోపాటు దాన్ని పట్టుకున్న పురుగూ లోపలికి పోతుంది. కొన్నాళ్ళకు బొచ్చు రేగుతుంది, దవడ కింద తిత్తిలా నీరు దిగుతుంది, పారుడు పట్టుకుంటుంది. యజమానికి అప్పటిదాకా యుబ్లినా గుర్తురాదు.

"మంచు ఆరకముందే వదిలావు కదూ?" ఎవరొచ్చినా ఆమె మొదటిమాట అదే.

"లేదు పెద్దమ్మా, పొద్దెక్కాకే వదిలాను."

"నువ్వు అబద్ధమాడినా నీ మేక ఆడదులే. ఇటు తిప్పు దాన్ని."

మేక కింది కనురెప్ప వేలితో లాగి చూస్తుంది. లోపల ఎర్రగా ఉంటే ఇంటికి పొమ్మంటుంది. కాస్త పాలిపోతే బొప్పాయి ఆకు దంచి, ఆ చేదు రసం తాగిస్తుంది. కొబ్బరిలా తెల్లబడితే మాత్రం వక్క తీయాల్సిందే.

వక్క సంగతి మామగారు నేర్పినది. ఆ కొత్తలో ఆమెకు పురుగుల మీద కంటే మామగారి మీదే కుతూహలం ఎక్కువ. మేకకు మందు వెయ్యాల్సిన ముసలాయన ముందు తానెందుకు నములుతాడు? అడిగితే చెప్పాడు. వక్కలన్నీ ఒకటి కావు, ఒక చెట్టుది చప్పగా ఉంటుంది, ఒక చెట్టుది మనిషినే తిప్పి పడేస్తుంది. అందుకని ముక్క కోసి, ఆకుకు బదులు తమలపు కాయతో, సున్నంతో నమలాలి. నోరు ఎర్రబడేసరికి నుదుట చెమట పోసిందంటే అది గట్టి వక్క, పెద్దమేకకైనా సగం చాలు. చెవులు వెచ్చబడి ఊరుకుంటే వక్కంతా వెయ్యొచ్చు. ఎండిన వక్క దంచి, నీళ్ళలో కలిపి, వెదురు గొట్టంతో గొంతులో పొయ్యాలి.

మామగారు పోయాక ఆ పని యుబ్లినాది అయింది. భర్త పోయాక అది ఆమెకు పేరూ అయింది. చర్చిలో ఆమెకు ముందు వరసలో చోటిచ్చేది అందుకే అని ఆమె నమ్మకం. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా వక్కల బుట్ట ముందుకు జరుపుతారు, ఆమె కాదనదు. నిద్ర లేచింది మొదలు దవడ ఆడుతూనే ఉంటుంది.

కోడలు ఒర్పా కుపాంగ్ పట్నం పిల్ల. వక్క ముట్టదు. పెళ్ళయి వచ్చిన రోజునే బుట్ట తాకి వెనక్కి జరిపేసింది. ఊరు నోరెళ్ళబెట్టింది.

"మా ఒర్పాది ఎండునోరు. నీళ్ళు పోస్తే పీల్చేస్తుంది," అని యుబ్లినా అందరి ముందూ నవ్వేది. ఒర్పా నవ్వేది కాదు.

ఆ ఏడు మెల్కి మేకను తెచ్చాడు. అసలు పేరు మెల్కియానుస్, నాలుగిళ్ళ అవతలివాడు. తమ్ముడి పెళ్ళి కుదుర్చుకున్నాడు. పిల్లనిచ్చే తల్లికి పాల రుణం కింద ఒక మేకను ఇవ్వాలి. పిల్ల తాగిన పాలకు బదులన్నమాట. ఆ మేక ఆ వాకిట్లోకి తన కాళ్ళ మీద తాను నడిచి పోవాలి. మోసుకెళ్ళినా ఈడ్చుకెళ్ళినా తల్లిని అవమానించినట్టే. ఇచ్చేది శనివారం. మెల్కి వచ్చింది మంగళవారం.

యుబ్లినా రెప్ప లాగి చూసి పెదవి విరిచింది. "ఒరే మెల్కీ, దీని ఒంట్లో రక్తం ఏదిరా? ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"పెళ్ళి పనులు పెద్దమ్మా."

"పెళ్ళి తమ్ముడికి. కళ్ళు పోయింది నీకా?"

ఆమె పెరటి వక్కచెట్టు ఆ ఏడు కాయలేదు. సంతలో కొన్న ఎండువక్కలే ఉన్నాయి. ఒకటి కోసి నమిలింది. మెల్కి ఆమె నుదుటి వంకే చూస్తూ కూర్చున్నాడు. చెమట లేదు. చెవులు కూడా వెచ్చబడలేదు.

"చప్పిడి సరుకు అంటగట్టింది సంతది," అని ఉమ్మేసి, ఒకటికి రెండు వక్కలు దంచి పోసింది.

మేక గింజుకుని, తల విదిలించి, పక్కనున్న సుబాబుల్ మండ కొరకబోయింది. కొరకలేదు. నోట్లోంచి చొంగ తీగలు సాగింది. వెనక కాళ్ళు వణికాయి. కడుపులో ఉన్నదంతా నీళ్ళలా కారి, నిలబడ్డచోటే కూలబడిపోయింది.

మెల్కి ముఖం మాడిపోయింది. "పెద్దమ్మా! శనివారం!"

"తెలుసు, అరవకు. బోర్లా కూర్చోబెట్టు, పక్కకు వాలనివ్వకు. కడుపు ఉబ్బుతుంది. తల కిందికి వంచు, చొంగ బయటికి పోవాలి."

"నీళ్ళు తాగిద్దామా?"

"మింగలేని నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరిలోకి పోతాయి. పట్టుకో ఊరికే."

ఇద్దరూ చెరోపక్క ఆనుకుని కూర్చున్నారు. కాసేపటికి మెల్కి నెమ్మదిగా అన్నాడు. "మేం తప్పు చేశాం పెద్దమ్మా. ఈ మేకను పెళ్ళికి ఇస్తున్నామని చనిపోయిన మా పెద్దలకు చెప్పుకోలేదు. వాళ్ళకు కోపమొచ్చి ఉంటుంది."

యుబ్లినాకు ప్రాణం లేచొచ్చింది. అవును, అదే అయ్యుంటుంది! పెద్దలకు చెప్పకుండా పశువును గడప దాటిస్తే ఊరుకుంటారా? "చెప్పుకోకపోవడమేమిట్రా, బుద్ధిలేదూ?" అని కసిరింది కూడా. కసురుతుంటే తనకే కాస్త హాయిగా అనిపించింది.

అరుగు మీద రోలు కడగబోయిన ఒర్పా అడుగున మిగిలిన వక్క తునక చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత నోట్లో వేసుకుంది. సున్నం లేదు, తమలపు కాయ లేదు, ఉత్త వక్క. నాలుగుసార్లు నమిలిందో లేదో ముఖమంతా చెమటలు కమ్మాయి. స్తంభం పట్టుకుని కింద కూర్చుంది.

"అత్తా, గుండె దడదడలాడుతోంది."

యుబ్లినా మేకను మెల్కి మీదికి నెట్టి పరుగెత్తింది. "ఉమ్మెయ్యి! ఎందుకు నోట్లో పెట్టుకున్నావే?"

ఒర్పా ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, ఊపిరి తీసుకుని చెప్పింది. "ఇది చప్పిడిది కాదత్తా. నీ నోరే చప్పబడింది."

అక్కడున్నది మెల్కి ఒక్కడే. కానీ మెల్కి విన్నాడంటే ఊరు విన్నట్టే. యుబ్లినా కోడలి నుదురు చూసింది, తన నుదురు తడుముకుంది. పొడిగా ఉంది. మామగారు భోజనమయ్యాక ఒక్క వక్క వేసుకునేవాడు. ఆమె లెక్కే పెట్టదు. ఎన్నాళ్ళుగా ఈ నుదుటిని నమ్మి మందు పోస్తోందో! ఇంతవరకూ ఆమె చెట్టు వక్క చప్పిడిది కాబట్టి మేకలు బతికాయి.

మంచెలా ఎత్తుగా కట్టిన మేకల దొడ్డి దగ్గరికి వెళ్ళింది. తన మేకల్లో బలిసిన నల్లమేకను విప్పి తెచ్చి తాడు మెల్కి చేతిలో పెట్టింది.

"ఇదేంటి పెద్దమ్మా?"

"నీ పెద్దల కోపం కాదురా ఇది. నా చేతి పని. నీది లేవకపోతే ఇది నడుస్తుంది శనివారం."

"అది చూడి మేక కదా!"

"అయితే ఆ తల్లికి లాభమే. తీసుకుపో."

మెల్కి పోలేదు. ఎండ వాలేదాకా ముగ్గురూ వంతులవారీగా మేకను పట్టుకుని కూర్చున్నారు. చొంగ తగ్గింది. చెవి కదిలింది. పొద్దుగూకే ముందు ముందరికాళ్ళ మీద లేవబోయి పడింది, మళ్ళీ లేచింది. మెల్కి దాన్ని భుజాన వేసుకుని, నల్లమేకను తాడుతో నడిపించుకుని ఇంటికి పోయాడు.

బుధవారం అది నీళ్ళు తాగింది. గురువారం సుబాబుల్ ఆకు తిన్నది. శుక్రవారం యుబ్లినా వెళ్ళి చూస్తే మెల్కి గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"పెళ్ళికి వేసుకుందామనుకున్న నా చొక్కా చెయ్యి నమిలేసింది పెద్దమ్మా!"

"చెయ్యేగా. చొక్కా అంతా తినే ఆకలి రావాలి దానికి," అని ఆమె నల్లమేకను విప్పుకొచ్చింది.

శనివారం మేళతాళాలతో ఊరంతా పిల్ల ఇంటికి నడిచింది. మేక తూలుతున్నట్టే ఉంది గానీ తన కాళ్ళ మీద నడుస్తోంది. వాకిట్లో చిన్న మెట్టు దగ్గర ఆగిపోయింది. మెల్కి తాడు లాగలేడు, వెనకనుంచి తొయ్యలేడు. అందరూ చూస్తున్నారు. మేక మెట్టు వాసన చూసింది, పిల్ల తల్లి కట్టుకున్న నేతలుంగీ వాసన చూసింది, తీరిగ్గా ఎక్కింది. మెల్కి బిగబట్టిన ఊపిరి వదిలితే పక్కవాళ్ళకు కూడా వినపడింది.

పిల్ల తల్లి మేకలు తెలిసిన మనిషి. రెప్ప లాగి చూసింది. "ఇంకా పాలిపోయే ఉంది. మందు పడిందా?"

మెల్కి యుబ్లినా వైపు చూశాడు.

"పడింది వదినా, ఎక్కువే పడింది," అన్నది యుబ్లినా. "నేనే పోశాను. చంపినంత పని చేశాను. లోపల పురుగు మిగిలి ఉండదు, రక్తం పట్టడానికి మాత్రం వానాకాలమంతా మేపాలి."

జనం గొణుక్కున్నారు. ఎవరో నవ్వారు.

"నా నోరు మొద్దుబారింది, ఇక నమ్మకండి," అని ఆమె గొంతు పెంచింది. "ఇకమీదట వక్క నమిలి చూసేది మా ఒర్పా. కోసేదీ పోసేదీ నేను."

ఒర్పా ఉలిక్కిపడింది. "నేనెప్పుడు ఒప్పుకున్నానత్తా?"

"ఇప్పుడు. ఇంతమంది ముందు కాదంటావా?"

"అంటాను, నా షరతులకు ఒప్పుకోకపోతే. గోరంత తునకే నములుతాను, వెంటనే ఉమ్మేస్తాను. సంతనుంచి కొత్త సరుకు తెచ్చినప్పుడే, రోజూ కాదు. నేను గట్టిదంటే నువ్వు మారుమాట్లాడకూడదు. ఇంకోటి, ఎండునోరు అన్నావంటే ఆ రోజే మానేస్తాను."

పిల్ల తల్లి వక్కల బుట్టను ఒర్పా ముందుకు జరపబోయి, ఆగి, యుబ్లినా ముందు పెట్టింది.

"అత్తగారు ఏమంటుందో?" అని అడిగింది.

యుబ్లినా ఒక వక్క తీసి బుగ్గన పెట్టుకుంది. "ఏమంటాను? నోరు నిండా వక్క ఉంది, మారుమాటకు చోటేది?" అన్నది.