ముళ్లపంది అడ్డం పెట్టిన గేటు

పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు ఎక్కానంటే నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. వయసు యాభై ఆరు. ముప్పై ఏళ్లుగా అదే హోసూరు, అదే దారి, అవే లారీల వరసలు. మారింది నా మోకాళ్లు మాత్రమే. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంటాను. నిద్ర రాదు, కానీ నిద్రపోతున్నానని అందరూ అనుకుంటారు, నాకు అది చాలు. పోయిన నెల ఒకరోజు మాత్రం ఆ కళ్లు తెరవాల్సి వచ్చింది. వెనక సీట్లలో ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి కొత్తగా వచ్చి చేరిన పిల్లలు నలుగురు ఒక కథ గురించి వాదించుకుంటున్నారు. వాన పడేటప్పుడు మాత్రమే తెరుచుకునే ఒక గేటు, దాని అవతల ఒక దేశం, అక్కడికి పోయి వచ్చే ముగ్గురు అక్కచెల్లెళ్లు, గేటు కాసే ఒక ముళ్లపంది. ఎప్పుడో పాతకాలంలో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన ఆరు పుస్తకాలు. వీళ్ల చిన్నప్పుడు దాన్ని సినిమాగా తీశారట. ఇప్పుడు ఫోన్లో వారానికొక భాగంగా మళ్లీ వస్తోంది. సినిమాలో పాటలు బాగున్నాయని గుంటూరమ్మాయి అంటుంది, కొత్తదానిలో కథ చెడగొట్టలేదని వరంగల్ అబ్బాయి అంటాడు. నేను వెనక్కి తిరిగి, పెద్దరికం చూపించుకుంటూ, అన్నీ బాగున్నాయి గానీ ఆ దేశానికి వచ్చే నాలుగు జ్వరాల ఊసు మీ మాటల్లో లేదేమని అడిగాను.

నలుగురూ నావైపు చూశారు. "ఏ జ్వరాలు మేడమ్?" అంది గుంటూరమ్మాయి. అదేమిటి, మీకు తెలియదా, దేశం దేశమంతా నాలుగుసార్లు తల ఎత్తుకుని కదలకుండా కూర్చుంటుంది, ఒక రోజంతా ఎవరూ ఏమీ తినరు, లేచేసరికి ఒంటి మీది పాత చర్మం కింద పడి ఉంటుంది, అందరూ కాస్త పెద్దవాళ్లయి ఉంటారు, అన్నాను. చెబుతున్నప్పుడే నా గొంతు నాకే తేడాగా వినిపించింది. పాపం, వాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మాది జవళగిరి దగ్గర, అడవి పక్క పల్లె. మా నాయన పట్టుపురుగులు పెంచేవాడు. పురుగులు నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి. దాన్ని మా వైపు జ్వరం అంటారు. మామూలు రోజుల్లో వాటికి ఆకు కోయడం, తరగడం, వెయ్యడం, తట్టలు శుభ్రం చెయ్యడం, మళ్లీ ఆకు కోయడం. ఇంట్లో మనుషులకు తిండి ఆలస్యమైనా పురుగులకు కాకూడదు. జ్వరానికి కూర్చున్న రోజు మాత్రం ఆకు వెయ్యకూడదు, తట్ట కదపకూడదు. అంటే ఇంటిల్లిపాదికీ సెలవు. ఆ సెలవు రోజు మా మేనత్త పురుగుల ఇంటి గుమ్మం దగ్గర చాప పరిచి, ఒళ్లో ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని, మాకు తెలుగులో కథ చెప్పేది. పంటకు నాలుగు జ్వరాలు కాబట్టి పంటకు నాలుగు రోజుల కథ. నాలుగో జ్వరం విడిచాక పురుగులు వారం రోజులు ఆగకుండా తింటాయి, ఆ తర్వాత గూళ్లు కడతాయి. అప్పుడు కథ లేదు, మా వీపులు విరిగే పని మాత్రమే ఉండేది. ఆరు పుస్తకాలు ముగిసేసరికి రెండేళ్లు పట్టింది. ఆ దేశంలోకి మా పురుగులు ఎప్పుడు దూరాయో నేను గమనించలేదు. తొమ్మిదేళ్ల పిల్లకు అదంతా ఒకటే దేశం. ముళ్లపందిని కూడా మా అడవిలో తిరిగే జాతిలాగే ఊహించుకున్నాను, కుక్కంత పొడుగు, జానెడు ముళ్లు. మొన్న ఫోన్లో చూస్తే అరచేతిలో పట్టేంత బొమ్మలా ఉంది. దానికి గేటు ఎవరు అప్పజెప్పారో నాకు అర్థం కాలేదు.

అత్త సంగతి కూడా చెప్పాలి. కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి టీచరమ్మ ఊరు వదిలి పోతూ ఆ ఆరు పుస్తకాలు ఆమెకు ఇచ్చి పోయింది. సామల్పట్టిలో సంబంధం కుదిరితే, పెళ్లి పెట్టెలో చీరల కింద వాటినీ పెట్టుకుని పోయింది. నాలుగేళ్లు కాపురం చేసింది. మా అవ్వకు జబ్బు చేసిందని పుట్టింటికి వచ్చి, చెప్పిన రోజు కంటే పదిరోజులు ఆలస్యంగా తిరిగి వెళ్లింది. వాళ్లు తలుపు తీయలేదు. ఆమె పెట్టె మాత్రం అరుగు మీద పెట్టి ఉంది. పొద్దు వాలేదాకా ఆ పెట్టె పక్కనే కూర్చుని, లేచి దాన్ని మోసుకుని బస్సెక్కి వచ్చేసింది. ఇదంతా మా అమ్మ చెప్పగా తెలిసిందే. అత్త నోట ఒక్కనాడూ వినలేదు.

ఆమె చెప్పిన కథ ముగింపు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆఖరి వాన పడుతుంటుంది. అక్కలిద్దరూ గేటు దాటి ఆ దేశంలోకి వెళ్లిపోతారు. చిన్నది దారిలో కుంటి దూడకు నీళ్లు పెడుతూ వెనకబడుతుంది. గేటు మూసుకుంటుంటే ముళ్లపంది తన ముళ్లు గేటుకు అడ్డం పెడుతుంది. ఆ సందులోంచి పాప ఒంటినిండా గీరుకుపోయినా లోపలికి దూరుతుంది. ఆ గీతలు చూసి అక్కలు నవ్వుతారు. కథ అయిపోతుంది. నాకు జీవితంలో చాలా గేట్లు మూసుకున్నాయి. మూసుకున్న ప్రతిసారీ, ఎక్కడో ఒక ముళ్లపంది ఉంటుందిలే అనుకుని పని చేసుకుంటూ పోయాను. ఈ వయసులో ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

బస్సులో పిల్లల వాదన ఆ ముగింపు దగ్గరికే వచ్చింది. సినిమాలో ముగ్గురూ కలిసి గేటు దాటేస్తారట, అది మోసమని వరంగల్ అబ్బాయి. ఈ కొత్తదానిలో ఎలా ముగిస్తారో అని గుంటూరమ్మాయి. ముళ్లపంది అడ్డం పెడుతుంది కదా అన్నాను నేను. "అట్ల లేదు మేడమ్ బుక్కుల. చిన్నది ఇవతల్నే ఉండిపోతది," అన్నాడు ఆ అబ్బాయి, నన్ను నొప్పించకూడదని మెల్లగా. మరునాడు ఆరో పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ట్రాఫిక్‌లో బస్సు నిలిచిపోయినప్పుడు ఆఖరి పేజీ చదివాను. రెండుసార్లు చదివాను. ముళ్లపంది ఎక్కడా లేదు. అది అంతకు ముందు పుస్తకంలోనే చచ్చిపోయిందట, అత్త మాకు ఆ ముక్క చెప్పనేలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక డ్రైవరు మీద విసుక్కున్నాను.

అత్త ఇప్పుడు హోసూరులో నా దగ్గరే ఉంది. మా ఆయన పోయాక నాకు ఆమె తోడో, ఆమెకు నేను తోడో మేమిద్దరం లెక్క తేల్చుకోలేదు. డెబ్బై మూడేళ్లు, షుగరు రెండు కళ్లనూ తీసుకుపోయింది. సీరియల్ సంగతి నేనే ఇంటికి మోసుకొచ్చాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ ఇద్దరి మధ్యా దిండుకు ఆనించి, తెర మీద ఏం జరుగుతోందో ఆమెకు చెబుతాను. ఆ దొరల మాటలు ఆమెకు అంతుపట్టవు. "బుక్కులో ఇంగ్లీషు శుద్ధంగా ఉండె. వీళ్లు నోట్లో నీళ్లు పోసుకోని మాట్లాడతారు," అంటుంది. ఒకప్పుడు ఆమె చెబితే నేను విన్నాను. ఇప్పుడు నేను చెబుతుంటే, నాకు ఊపిరి ఆడనివ్వకుండా, ఆ చెట్టు ఏ రంగు, ఆ పాప జడ వేసుకుందా అని అడుగుతూ ఉంటుంది. వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి వచ్చిన మనిషిని, ఆదివారం ఒక కునుకు తీద్దామంటే ఇదీ నా విశ్రాంతి.

ఆఖరి భాగం వచ్చే ఆదివారం దగ్గరపడింది. తలుపు తీయని ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చిన మనిషి, ఆ కథలో తలుపు మూసుకోకుండా చూసుకుంది. ఇన్నేళ్లకు ఆమె చెవి దగ్గర కూర్చుని దాన్ని మూసేయడానికి నేనెవరు? కూరగాయలు తరుగుతూ కూడా అదే ఆలోచన. ముళ్లపంది చచ్చిపోయిన భాగంలో ఆ ముక్క అప్పటికే ఆమెకు చెప్పకుండా దాచేశాను, చివరికి ఆమె కథే ఆమెకు చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

తెర మీద వాన మొదలైంది. మాటలు లేవు, వాన చప్పుడూ సంగీతమూ తప్ప. పాప పరుగెత్తుతోంది, గేటు మూసుకుంటోంది. "అత్తా, ముళ్లపంది వచ్చింది. ముళ్లు అడ్డం పెట్టింది," అన్నాను. ఫోన్లో గేటు ధన్‌మని పడింది. పాప ఇవతల నిలబడి ఉంది. "దూరింది అత్తా, లోపలికి పోయింది," అన్నాను. తెర నల్లబడి పేర్లు రావడం మొదలైంది. తీసినవాళ్లు కథను గేటు దగ్గరే ఆపేశారు.

 అత్త నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"గేటు పడిన సద్దు నాకు ఇనపడిందిలేమ్మా," అంది.

నేను పొరపాటు చేసిన చిన్నపిల్లలా కూర్చున్నాను. పుస్తకం చదివానని, ముళ్లపంది సంగతి తెలిసిపోయిందని ఒప్పుకున్నాను. మేం ఏడుస్తామనే కదా అత్తా అలా మార్చావు, అన్నాను.

"మీ కోసరం గాదు. గేటు మూసుకునిందీ అన్న కాడికి చదివినాను. ఆపైన నాకే చదవబుద్ధి కాలేదు. బుక్కు మూసి పెట్టెలో ఏసినాను. మళ్లా ముట్టలేదు." నా చెయ్యి వదలకుండా, "ఆపైన ఆ పాప ఏం చేసిందో నాకు తెలీదమ్మా. నువ్వు చదివినావు గదా, చెప్పు," అంది.

ఆ మాట నేను ఊహించలేదు. నలభై ఏడేళ్లుగా ఆమె ఆ అర పేజీ చదవకుండానే ఉండిపోయింది. ఆ అర పేజీయే ఈ తీసినవాళ్లూ వదిలేశారు. బస్సులో నేను రెండుసార్లు చదివింది అదే. చెప్పాను. పాప వాన వెలిసేదాకా గేటు ముందు నిలబడింది. వాన వెలిశాక అక్కడ గేటు లేదు, ఉత్త గోడే ఉంది. అక్కలు పారేసి పోయిన గొడుగులు రెండూ తీసుకుని, నీళ్లు దులిపి, మూడు గొడుగులతో ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా గుంటల్లో నీళ్లు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఇంటి తలుపు తీసే ఉంది.

"తీసే ఉందా?"

"తీసే ఉంది అత్తా. అదే ఆఖరి మాట."

ఆమె చూపులేని కళ్లు తుడుచుకుంది. నా కళ్లు నేను తుడుచుకున్నాను. వీధిలో మొక్కజొన్న కంకుల బండివాడు తమిళంలో అరుచుకుంటూ పోతున్నాడు.

"నేను సామల్పట్టి నుంచి వచ్చిన పొద్దు మీ నాయన గూడా తలుపు తీసే పెట్టి ఉన్నాడు," అంది అత్త. "ఆపొద్దు మూసిన తలుపే గ్యాపకం పెట్టుకున్నాను. తీసిన తలుపు గ్యాపకం పెట్టుకోలేదు చూడు."

మరునాడు బస్సులో పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఆఖరి అర పేజీ తీసేసి మోసం చేశారని వరంగల్ అబ్బాయి మండిపడుతున్నాడు. నేను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. అర పేజీ వినడానికి మా అత్తకు నలభై ఏడేళ్లు పట్టింది, పురుగులు జ్వరానికి కూర్చున్న రోజుల్లో రెండేళ్ల పాటు నాకు అంత కథ చెప్పిన మనిషికి.