పాలు పొంగాయి, పంతులుగారు రాలేదు

"పంతులుగారు రాయించుకున్న గేటు పాస్ గురువారానికి ఉన్నది మేడం," అని గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అన్న క్షణంలోనే నా కుడికన్ను అదిరింది.

రెండేళ్ల కిందటి మాట. బుధవారం, తెల్లవారుజామున మూడుంపావు. కొండాపూర్‌లో కొత్తగా కొన్న ఫ్లాటు కింద నేను పట్టుచీరలో, మా ఆయన గుమ్మడికాయతో, పిల్లలిద్దరూ సగం నిద్రలో. గృహప్రవేశానికి ఇంకా ఇరవై ఏడు నిమిషాలే ఉంది. ఆ తర్వాతి గంటలో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మీరు నా చేతికి అగ్గిపెట్టె కూడా నమ్మి ఇవ్వరు.

"చూశారా! ఎక్కడో పెద్ద బేరం తగిలింది. మనల్ని గురువారానికి నెట్టేశాడు," అన్నాను.

"ఫోన్ చేసి అడుగుదాం," అన్నారు మా ఆయన.

"అడిగితే జాగ్రత్తపడతాడు."

నా అనుమానానికో చరిత్ర ఉంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎదుటివాళ్ల పనిలో తప్పు దొరక్కపోతే నాకు అన్నం అరగదు. పంతులుగారు "బుధవారం రాత్రి, తెల్లవారుజామున 3.42" అని కాగితం మీద రాసిచ్చినప్పుడే పట్టేశాను. రాత్రీ, తెల్లవారుజామూ రెండూనా? ఆయన తరఫున నేనే "రాత్రి" కొట్టేసి, క్యాలెండర్లో బుధవారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. ఆయన చెప్పింది రోహిణి నక్షత్రం. ఫోన్లో పంచాంగం యాప్ మాత్రం ఆ వేళకి కృత్తిక అంది. యాప్ మీదా అనుమానం వచ్చి దాన్ని ఫోన్లోంచి తీసేశాను.

ఇక మా అత్తగారు. వికారాబాద్ నుంచి ఫోన్ చేసి, "బుధవారం మాపటికి లింగంపల్లిల దిగుతం బిడ్డా. ఫికర్ జేయకు," అన్నారు.

పాలు పొంగేది తెల్లవారుజామునైతే ఈవిడ సాయంత్రం దిగడమేమిటి? "మీ అమ్మకి మన ఇల్లు ఇష్టం లేదు," అన్నాను మా ఆయనతో. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అదీ వాళ్లమ్మే నేర్పిందనుకున్నాను.

నా భయం ఊరికే కాదు. ఈ ముహూర్తం తప్పితే ఆ తర్వాతంతా మూఢం. రెండు నెలలదాకా మంచిరోజే లేదు. మా కిరాయి ఇంట్లోకేమో నెలాఖరుకి వేరేవాళ్లు దిగుతున్నారు. పిల్లల్ని వెంటేసుకుని ఎక్కడికి పోతాం?

మూడున్నర అయింది. పంతులుగారి జాడ లేదు.

"పదండి, నేనే చేయిస్తాను. అందరూ కుడికాలు పెట్టండి!"

"కుడి అంటే ఏది అమ్మా?" అన్నాడు నాలుగేళ్ల చిన్నూ.

"అన్నం తినే చేతివైపు కాలు!"

వాడు ఎడమచేత్తో తింటాడని నాకు లోపలికొచ్చాక గుర్తొచ్చింది.

గుమ్మడికాయ పగిలింది. నాకొచ్చిన శ్లోకం ఒక్కటే, దాన్నే నాలుగుసార్లు చదివాను. సరిగ్గా 3.42కి పాలు పొంగి పొయ్యంతా పారాయి. అప్పుడు గెలిచినదానిలా పంతులుగారికి ఫోన్ కలిపాను.

"పాలు పొంగించేశాం పంతులుగారూ. మీరు ఆ పెద్దింటివాళ్ల దగ్గరే ఉండండి!"

"ఎవరమ్మా? ఏం పాలు?" నిద్రగొంతు.

"బుధవారం ముహూర్తం పెట్టి, గురువారానికి పాస్ రాయించుకుంటే మాకు తెలీదనుకున్నారా?"

"అమ్మా, జర కిటికీలకెల్లి చూడు. పొద్దు పొడిసిందా?"

"లేదు."

"మరి బుధవారం ఎక్కడిది? పంచాంగంల వారం పొద్దు పొడుపుతోని మారుతది, అర్ధరాత్రికి కాదు. మన ముహూర్తం బుధవారం పొద్దుగూకినంక వచ్చే రాత్రి. గడియారం లెక్కకు అది గురువారం. అందుకే గేటుకాడ గట్ల రాయించిన. ఇప్పుడు నడిచేది మంగళవారమమ్మా!"

మంగళవారం! మా అమ్మ గోళ్లు కూడా తీసుకోనివ్వని రోజు.

"అయితే మా ముహూర్తం పోయినట్టేనా?" అన్నాను.

"సంకల్పం చెప్పుకున్నరా? హోమం చేసిన్రా?"

"లేదండీ. పాలు కాచామంతే."

"ఇగ అది గృహప్రవేశమెట్లయితది? కొత్త పొయ్యి పనిచేస్తదా లేదా చూసుకున్నరు. ఆ పాలు తాగి పోయి పండుకోండి. రేపు రాత్రి నేనే వస్త."

"రేపంటే... మీ లెక్కా, మా లెక్కా?"

"నా లెక్కనే! ఇంకో గుమ్మడికాయ తెచ్చుకోండి. మీ అత్తమ్మకు మాత్రం చెప్పకు తల్లీ."

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన భుజాలు నవ్వాపుకోలేక ఊగుతున్నాయి. సూర్యుడు కళ్లపడనిదే ఏ రోజునీ దాని పేరుతో పిలవనని, పంతులుగారు రాసిన అక్షరం కొట్టేయనని, పసుపు చేతులతో ఆ కారులోనే ప్రమాణం చేశాను.

పొద్దున్నే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టాను. "సాయంత్రం నాన్నమ్మ వస్తారు. మనం కొత్తింటికి ఇంకా వెళ్లలేదు. రాత్రి మీకు కలొచ్చింది. సరేనా?"

చిన్నూ తలూపాడు. ఏడేళ్ల మేఘన మాత్రం కళ్లు చిన్నవి చేసి నన్ను కిందికీ పైకీ చూసింది.

"మా ఇద్దరికీ ఒకటే కల ఎలా వస్తుందమ్మా?"

"తప్పు తల్లీ," అన్నాను. "ప్రతిదానికీ అలా అనుమానపడకూడదు."