రెండో స్టూలు

మా డాక్టరమ్మ పోయారు. పోయిన వారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవారు ఇక లేవలేదు. మొదట్నించీ ఆమె దగ్గర నర్సుగా, ఇంటి మనిషిగా ఉన్న సెల్వి ఫోన్ చేసినప్పుడు నేను ముదలియార్‌పేటలో మా పాత్రల కొట్లో ఉన్నాను. మేడ మీదికి వెళ్ళి అమ్మకు చెప్పాను. ఎట్లా పోయారు, ఏం జబ్బు అని అడగలేదు.

“సెల్వికి తోడు ఎవురుండారు?” అంది.

అది అమ్మ డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్న ప్రశ్న. ఎట్లా నేర్చుకుందో మీకు చెప్పాలి.

డాక్టరమ్మ యానాం నుంచి ఈ తమిళ ఊరికి వైద్యం చదవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంటి ముందు గదే ఆమె క్లినిక్. ఆమె కుర్చీకి ఎదురుగా రెండు స్టూళ్ళు పక్కపక్కన ఉండేవి. ఒకటి రోగికి, రెండోది వెంట వచ్చినవాళ్ళకి. రోగిని చూడటం అయ్యాక ఆమె కళ్ళజోడు సర్దుకుని రెండో స్టూలు వైపు తిరిగి, “ఇంక మీ సంగతి చెప్పండి” అనేవారు. జ్వరంతో ఉన్న పిల్లను ఎత్తుకొచ్చిన తండ్రి తత్తరపడేవాడు. నాకేం లేదంటే ఆమె ఒక పట్టాన వదిలేవారు కాదు. ఎవరైనా తోడు లేకుండా వస్తే సెల్విని పిలిచి ఆ స్టూలు మీద కూర్చోబెట్టేవారు. “ఒంటరిగా వచ్చినోళ్ళకి భయంలో నేను చెప్పింది సగమే వినబడుద్దండీ” అనేవారు.

మా పెద్దవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం రాదు. అందుకని డాక్టరమ్మ మందుల కవర్ మీద బొమ్మలు వేసేవారు. సూర్యుడుంటే పొద్దున మాత్ర, నెలవంక ఉంటే రాత్రిది. వైద్యం ఎంత బాగా వచ్చో బొమ్మలు అంత ఘోరంగా వచ్చేవి. ఆమె వేసిన సూర్యుణ్ణి చూసి మా అవ్వ సాలెపురుగనుకుంది.

అవ్వ అంటే మా నాన్నకు తల్లి. చక్కెర జబ్బుతో కాలికి పుండు పడితే, కట్టు మార్పించడానికి అమ్మ ఆమెను ఆటోలో తీసుకెళ్ళేది. నేనూ వెళ్ళేదాన్ని. ఒకసారి కట్టు కట్టడం అయ్యాక డాక్టరమ్మ మామూలుగానే అమ్మ వైపు తిరిగారు.

“నాకేంది డాక్టరమ్మా, నేను బాగుండా” అంది అమ్మ, ఎప్పటిలాగే.

ఆ రోజు డాక్టరమ్మ ఆ మాట వినలేదు. అమ్మ గడ్డం పట్టుకుని కంటి కింది రెప్ప లాగి చూశారు. రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంది. డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ప్రశ్న మాత్రం అమ్మను కాదు, అవ్వను అడిగారు.

“మీ కోడలు అన్నం ఎప్పుడు తింటుందండీ?”

“అందురూ తిన్నాక.”

“అప్పటికి గిన్నెలో ఏం మిగులుద్దండీ?”

వీధి వీధంతటికీ గిన్నెలు అమ్మే ఇల్లు మాది. ఆ ఒక్క గిన్నె అడుగు మేమెవరం చూడలేదు.

తర్వాత నన్ను బయటికి పంపేశారు. అమ్మకు నెలల తరబడి రక్తం పోతోందని, ఎవరికీ చెప్పకుండా పనిలో పడి తిరుగుతోందని తర్వాత తెలిసింది. డాక్టరమ్మే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గర్భసంచిలో గడ్డ. మాకు అమ్మ మిగిలింది ఆమె వల్లే.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఇచ్చిన కవర్ మీద నడినెత్తి సూర్యుడి కింద చాప బొమ్మ ఉంది, మధ్యాహ్నం పడుకోవాలని. అవ్వతో, “కోడలు మీ కాలు చూసుకుంటుంది కదా, కోడల్ని మీరు చూసుకోండి” అన్నారు. అంతే, మా అవ్వకు పట్టపగ్గాల్లేవు. మంచం మీద నుంచే కేకలు. “మాత్ర మింగినావా? చాప యాడ? పండుకో పో!” ఆ తర్వాత క్లినిక్‌కు వెళ్తే రోగి స్టూలు మీద అమ్మ, రెండో స్టూలు మీద కాలికి కట్టుతో అవ్వ. ఆ ఠీవి చూడాల్సిందే.

ఆరోగ్యం గురించి డాక్టరమ్మ పెద్ద పెద్ద మాటలు చెప్పగా నేను వినలేదు. బలానికి టానిక్ రాయమంటే కసిరేవారు. “మీరు తిన్నారో లేదో ఇంట్లో ఎవరికి తెలుసు? ముందు అది చెప్పండి” అనేవారు. సాయంత్రం బీచ్ రోడ్డు మీద చేతి గడియారంలో అడుగులు చూసుకుంటూ పోయేవాళ్ళను ఆపి మరీ, “పక్కన మనిషేరండీ?” అని అడిగేవారు. ఈ పట్టుదల నాకు అన్నివేళలా నచ్చేది కాదు. కొంతమందికి ఒంటరిగా నడవడమే హాయి కదా అని ఒకసారి అనేశాను. “సరే, నడిచి వచ్చాక వచ్చానని ఎవరికైనా చెప్పు” అన్నారు. ఇప్పటికీ చెబుతున్నాను.

అమ్మ ఒకసారి తెగించి, “మరి మీకు తోడెవురు డాక్టరమ్మా?” అని అడిగింది. ఆమె నవ్వి సెల్విని చూపించారు. “ఇదిగో, ఈవిడే. నేను తింటే గానీ తినదు. అందుకని వేళకి తింటున్నా.”

ఆమె పోయిన రోజు జనంలో సెల్వితో మాట్లాడటం కుదరలేదు. దహనమైన మర్నాడు అమ్మ టిఫిన్ క్యారియర్ సర్దుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. యానాం నుంచి బంధువులు వచ్చి ఉన్నారు. సెల్వి కంట్లో చుక్క నీరు లేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తోంది, మంచినీళ్ళు ఇస్తోంది. తిన్నావా అంటే, “ఆయింది అక్కా, నాకేం లేదు” అని తప్పించుకోబోయింది.

ఆ మాట అమ్మకు బాగా తెలిసిన మాటే. సెల్వి చేతిలో చెంబు తీసి నాకిచ్చి, ఆమెను ముందు గదిలోకి లాక్కెళ్ళింది. సెల్వి అలవాటు కొద్దీ రెండో స్టూలు మీద కూర్చోబోయింది.

“ఆడ కాదు, ఈడ” అని అమ్మ ఆమెను రోగి స్టూలు మీద కూర్చోబెట్టి, రెండో దాని మీద తను కూర్చుంది. ఎదురుగా డాక్టరమ్మ కుర్చీ, దాని చేతికి వేలాడుతూ స్టెతస్కోపు. అమ్మ క్యారియర్ మూత తీసి పెరుగన్నం గిన్నె సెల్వి ఒళ్ళో పెట్టింది.

“ఇంక నీ సంగతి చెప్పు” అంది.

అప్పుడు ఏడ్చింది సెల్వి, భుజాలు ఎగిరెగిరి పడేలా.

“ఏడ్చినాకే తిను. నేనేం యాడికీ పోను” అంది అమ్మ.

గిన్నె అడుగు కనబడేదాకా ఆ రెండో స్టూలు మీద నుంచి అమ్మ లేవలేదు.